చికిత్స కేంద్రంలో చేరిన పిల్లల చదువు ఏమవుతుంది? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

పదిహేనేళ్ల అబ్బాయి స్కూలుకు పోనంటాడు. రాత్రంతా మేలుకొని పగలంతా పడుకుంటాడు. అడిగితే చేతికి అందింది విసిరేస్తాడు. లేదంటే పదో తరగతి అమ్మాయి తిండి మానేసి, గది తలుపు వేసుకొని, తనకు తానే గాయాలు చేసుకుంటుంది. ఇలాంటి ఇళ్లలో అమ్మీ, అబ్బా మొదట చేసే పని విషయం బయటికి పొక్కకుండా చూడటం. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లాక, 'కొన్నాళ్లు అడ్మిట్ చేయాలి' అని ఆయన అనగానే వాళ్ల నోట వచ్చే ప్రశ్న ఒక్కటే: 'మరి చదువు?'

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ చాలా కుటుంబాలు దానికి సరైన జవాబు తెలియక రెండు రకాలుగా నష్టపోతున్నాయి. ఏడాది పోతుందన్న భయంతో కొందరు చికిత్సనే వాయిదా వేస్తారు. ఇంకొందరు 'ముందు మనిషి బాగుపడనీ, చదువు సంగతి తర్వాత' అని పుస్తకాలన్నీ అటకెక్కిస్తారు. రెండూ పొరపాటే. చికిత్స, చదువు పక్కపక్కనే నడవాలి. అందుకు చట్టంలోనూ, పరీక్షల విధానంలోనూ దారులు ఉన్నాయి.

ఇది మన ఒక్క ఇంటి కష్టం కాదు

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. అంటే వంద మందిలో ఏడుగురికి పైనే. అబ్బాయిలు, అమ్మాయిల మధ్య పెద్ద తేడా కూడా లేదు.

మత్తు సంగతి చూస్తే, కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. వైట్‌నర్, థిన్నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. పెద్దల కంటే పిల్లలే ఎక్కువగా వాడుతున్న మత్తు ఇదొక్కటే. ఎక్కడో దొంగచాటుగా కొనాల్సిన పని లేదు, స్టేషనరీ షాపులోనే దొరుకుతుంది.

ఇంకో మాట. 'మాట వినడం లేదు', 'చదవడం లేదు' అని తిట్లు తినే పిల్లల్లో కొందరికి అసలు సమస్య వేరే ఉంటుంది. అక్షరాలు, అంకెలు పట్టుబడని లెర్నింగ్ డిసెబిలిటీ కావచ్చు. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ కావచ్చు. డిప్రెషన్ కావచ్చు. మూడో తరగతి నుంచి వెనకబడుతూ వచ్చిన పిల్లవాడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి క్లాసులో కూర్చోవడమే అవమానంగా భావిస్తాడు. క్లాసు ఎగ్గొట్టడం, చెడు సావాసం, ఆ తర్వాత మత్తు, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అంటే కొన్నిసార్లు స్కూలు పోవడం రోగం వల్ల వచ్చిన ఫలితం కాదు, రోగం మొదలైన చోటే అది. అందుకే మంచి చికిత్సలో చదువు కూడా భాగంగా ఉంటుంది.

హాస్టల్ వేరు, చికిత్స కేంద్రం వేరు

'హాస్టల్లో వేస్తే దారికొస్తాడు' అన్న మాట మన ఇళ్లల్లో కొత్తది కాదు. పిల్లవాడు గాడి తప్పుతున్నాడనగానే ఒకరు రెసిడెన్షియల్ కాలేజీ అంటారు, ఒకరు దూరంలో ఉన్న మదరసా అంటారు, మరొకరు ఊళ్లో చాచా దగ్గరికి పంపమంటారు. రెసిడెన్షియల్ స్కూలు గానీ, మదరసా గానీ చదువుకోసం పెట్టినవి. అక్కడి ఉస్తాద్‌కు, వార్డెన్‌కు పిల్లల మానసిక చికిత్సలో శిక్షణ ఉండదు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లవాణ్ని ఇంటి నుంచి తీసి వందమంది మధ్య పడేస్తే, ఒంటరితనం పెరుగుతుందే తప్ప తగ్గదు. శిక్షగా పంపించారన్న భావన మనసులో ఉంటే, ఆ చదువు మీదా, చివరికి దీన్ మీదా కూడా విరక్తి కలిగే ప్రమాదం ఉంది.

చికిత్స కేంద్రంలో సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఒక జట్టుగా పనిచేస్తారు. చదువు చెప్పే టీచర్ కూడా ఆ జట్టులో కూర్చోవాలి. ఎందుకంటే పొద్దున మందు వేసుకున్నాక పిల్లవాడు మగతగా ఉంటున్నాడా, లెక్కల పుస్తకం తీయగానే చిరాకు పడుతున్నాడా, పక్కవాడితో ఎలా ఉంటున్నాడు అన్నది డాక్టర్ కంటే ముందు టీచర్ కంటే పడుతుంది. ఆ సమాచారం చికిత్సకు పనికొస్తుంది.

అక్కడ చదువు ఎలా సాగుతుంది?

మామూలు స్కూల్లోలాగా నలభై మందికి ఒకే పాఠం అన్న పద్ధతి అక్కడ పనిచేయదు. బాగా నడిచే చోట్ల మొదట పిల్లల అసలు స్థాయి ఎంతో చూస్తారు. కాగితం మీద తొమ్మిదో తరగతే ఉంటుంది. చదవడం మాత్రం ఐదో తరగతి స్థాయిలో ఉండొచ్చు, లెక్కలు ఏడో తరగతి స్థాయిలో ఉండొచ్చు. ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచే మొదలుపెడతారు.

నలుగురైదుగురికి మించని గ్రూపులు, అరగంట ముప్పావు గంట పాఠాలు, మధ్యలో విరామం. మొదటి వారం పది రోజులు చదువు పేరుకే ఉంటుంది. నిద్ర, తిండి, మందులు కుదుటపడటమే ఆ రోజుల్లో ముఖ్యం. తర్వాత రోజుకు గంటతో మొదలై మెల్లగా పెరుగుతుంది. పొద్దున లేవడం, స్నానం, నాష్తా, పాఠం, ఆట, కౌన్సెలింగ్, మళ్లీ పాఠం. పైకి మామూలుగా కనిపించే ఈ టైంటేబులే సగం వైద్యం. నెలల తరబడి పగలు రాత్రి తేడా లేకుండా బతికిన పిల్లవాడికి రోజు అంటే ఏమిటో మళ్లీ అలవాటవుతుంది. చిన్న పాఠం ఒకటి పూర్తిచేశానన్న తృప్తి, ఏళ్ల తర్వాత మొదటిసారి దొరుకుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులు ఓపిక పట్టాల్సిన విషయం ఒకటుంది. 'సిలబస్ ఎంత అయింది?' అని వచ్చిన ప్రతిసారీ అడిగితే పిల్లల మీద పాత ఒత్తిడే మళ్లీ పడుతుంది. 'ఇవాళ ఏం చదివావు, ఏది బాగుంది?' అని అడిగితే చాలు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో దీనికి ముఖ్యమైన చట్టం మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017. ఇది 2018లో అమల్లోకి వచ్చింది. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా దీని కిందికే వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లల అడ్మిషన్ గురించి 87వ సెక్షన్ వివరంగా చెబుతోంది.

పిల్లల్ని చేర్చాలంటే, చేర్చే రోజున గానీ అంతకుముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు తప్పకుండా సైకియాట్రిస్ట్ అయి ఉండాలి. ఇంటి దగ్గర ఉంచి చేసే వైద్యం ఫలించలేదనో, సరిపోదనో తేలాకే అడ్మిషన్. పిల్లల ఇష్టాయిష్టాలు తెలుసుకునే వీలుంటే వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, వేరుగా ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఇది: పిల్లలు అక్కడ ఉన్నన్ని రోజులూ తల్లి, తండ్రి, లేదా వాళ్లు నియమించిన మనిషి వెంట ఉండాలి. అమ్మాయి అయితే, బాధ్యత తీసుకున్నది మగవారైనప్పుడు, వెంట ఉండటానికి ఒక స్త్రీని పెట్టాలి. అమ్మీయో, నానీయో, ఖాలాయో ఎవరైనా సరే. కాబట్టి 'పిల్లవాణ్ని వదిలేసి వెళ్లండి, మూడు నెలల దాకా రావద్దు, ఫోన్ కూడా చేయొద్దు' అని ఏ కేంద్రమైనా చెబితే అది క్రమశిక్షణ అనుకోవద్దు. చట్టానికి విరుద్ధమైన మాట అది.

అడ్మిషన్ సంగతి 72 గంటల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. 30 రోజులు దాటి ఉంచాల్సి వస్తే ఆ బోర్డు సమీక్షించాలి. ఆ తర్వాత కూడా ప్రతి 30 రోజులకు ఒకసారి సమీక్ష జరగాలి.

ఇదే చట్టంలోని 20వ సెక్షన్ అంతగా ఎవరికీ తెలియదు. చికిత్స కేంద్రంలో ఉన్నవారికి విశ్రాంతి, వినోదంతో పాటు చదువుకు, మత ఆచరణకు తగిన సదుపాయాలు ఉండాలని అది చెబుతోంది. బలవంతంగా గుండు గీయకూడదు. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. ఒంటరి గదిలో బంధించడాన్నీ చట్టం ఒప్పుకోదు. అంటే పాఠ్యపుస్తకాలు తీసుకెళ్తామన్నా, నమాజుకు చోటు కావాలన్నా కుటుంబం అడుగుతున్నది దయ కాదు, హక్కు.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గరున్న ఒక ప్రైవేటు కేంద్రంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. లోపల గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ వదిలి వెళ్లినవాళ్లు శత్రువులు కాదు. నయమవుతుందన్న ఆశతో తెచ్చిన సొంతవాళ్లే. దువా చేయడం ఒకటి, పిల్లల్ని గొలుసులకు అప్పగించడం ఇంకొకటి. దవా, దువా రెండూ కలిసే ఉండాలని మన పెద్దలు ఊరికే అనలేదు.

స్కూల్లో పేరు పోకుండా ఏం చేయాలి?

ముందు చేయాల్సింది, ఉన్న స్కూల్లో టీసీ తీసుకోకుండా ఉండటం. చాలామంది కంగారుపడి పేరు తీయించేస్తారు. దానికి బదులు, అనారోగ్యం వల్ల సెలవు కావాలని రాసి మెడికల్ సర్టిఫికెట్ జతచేసి ఇవ్వాలి. అందులో జబ్బు వివరాలన్నీ రాయనక్కర్లేదు, 'వైద్య కారణాలు' అంటే సరిపోతుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం రోగి హక్కు. సీబీఎస్‌ఈ పరీక్షలకు 75 శాతం హాజరు కావాలి. తీవ్రమైన అనారోగ్యం ఉంటే కాగితాలు చూపించి మినహాయింపు కోరవచ్చు. ఆ కాగితాలు మొదటి రోజు నుంచి దాచుకోవాలి, పరీక్షల ముందు వెతుక్కుంటే దొరకవు.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకైతే విద్యాహక్కు చట్టం, 2009 అండగా ఉంటుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య చదువు మధ్యలో ఆగిపోయినా, వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకొని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

పై తరగతుల్లో స్కూలు ఒప్పుకోకపోతే, లేదా పిల్లవాడే పాత స్కూలుకు పోలేనంటే, ఓపెన్ స్కూల్ మంచి దారి. జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు ఉంటుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలన్న నియమం లేదు. ఈసారి రెండు, వచ్చేసారి మూడు అన్నట్టు పాస్ కావచ్చు. ఇంతకుముందు మామూలు బోర్డులో పాసైన సబ్జెక్టులు ఉంటే రెండింటి దాకా మార్కులు బదిలీ చేసుకోవచ్చు. తెలుగు, ఉర్దూ మీడియం కూడా ఉన్నాయి. ఈ సర్టిఫికెట్ పై చదువులకు చెల్లుతుంది. ఒత్తిడి తట్టుకోలేని పిల్లలకు ఇంతకంటే సులువైన ఏర్పాటు మరొకటి దొరకడం కష్టం.

లెర్నింగ్ డిసెబిలిటీ గానీ, దీర్ఘకాలిక మానసిక అనారోగ్యం గానీ ఉంటే వికలాంగుల హక్కుల చట్టం, 2016 కూడా వర్తిస్తుంది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ రెండూ ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకుంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సదుపాయాలు అడగవచ్చు. 'వికలాంగుడు అని ముద్ర పడుతుందేమో' అని వెనకాడే కుటుంబాలు ఒక్కటి ఆలోచించాలి: ఫెయిల్ అన్న ముద్ర కంటే అది బరువైనదా?

చేర్చే ముందు అడగాల్సిన ప్రశ్నలు

వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసో, తెలిసినవాళ్లు చెప్పారనో అడ్వాన్స్ కట్టేయకూడదు. ఒకసారి స్వయంగా వెళ్లి చూడాలి. ఈ ప్రశ్నలు అడగాలి.

- స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? ఆ సర్టిఫికెట్ చూపిస్తారా?
- సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, పేరుకే బోర్డు మీద ఉన్నారా?
- పిల్లల్ని పెద్దవాళ్ల నుంచి వేరుగా ఉంచుతున్నారా? అమ్మాయిలకు మహిళా సిబ్బంది ఉన్నారా?
- తల్లిదండ్రులు వెంట ఉండటానికి ఒప్పుకుంటారా?
- చదువు ఎవరు చెబుతారు? రోజుకు ఎంతసేపు? పాత స్కూలుతో ఎవరు మాట్లాడతారు?
- పిల్లలు మాట వినకపోతే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు 'అది మాకు వదిలేయండి' అన్న జవాబు వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.
- డిశ్చార్జ్ తర్వాత ఎవరు చూస్తారు?

పిల్లల సంరక్షణ చూసే సంస్థను నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు పిల్లల్ని హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం ఐదేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. పిల్లవాడు కొట్టారని చెబితే 'తప్పించుకోవడానికి అబద్ధమాడుతున్నాడు' అని కొట్టిపారేయకుండా, ముందు వెళ్లి చూడాలి.

ఖర్చు గురించి: హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్హాన్స్ ప్రభుత్వానివే. వేలు లక్షలు పోయకముందు అక్కడ ఒకసారి చూపించడం మేలు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు పాలసీ తీసి చూడాలి. ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది.

అమెరికాలో ఉన్న కుటుంబాలకు

అక్కడ 'ట్రబుల్డ్ టీన్స్' పేరుతో ప్రైవేటు రెసిడెన్షియల్ కేంద్రాలు పెద్ద వ్యాపారంగా పెరిగాయి. కొన్ని చోట్ల పిల్లల మీద హింస జరిగిందన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి వచ్చాయి. యుటా రాష్ట్రం 2021లో నిబంధనలు బిగించింది. 2024 డిసెంబరులో స్టాప్ ఇన్‌స్టిట్యూషనల్ చైల్డ్ అబ్యూస్ యాక్ట్ అన్న దేశవ్యాప్త చట్టం వచ్చింది. అదే దేశంలో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. వైకల్యం ఉన్న విద్యార్థికి చదువు కోసమే రెసిడెన్షియల్ కేంద్రం అవసరమని అతని ప్రత్యేక విద్యా ప్రణాళికలో తేలితే, ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద పడకూడదని ఐడియా చట్టం చెబుతోంది. కాబట్టి అక్కడున్న మనవాళ్లు ఏజెంట్‌కు ఫోన్ చేసే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్‌తో మాట్లాడాలి.

నమాజు, రోజా, మందులు

నమాజు వేళలు, తిలావత్ పిల్లవాడి రోజులో భాగమైతే ఆ సంగతి చేరిన రోజే డాక్టర్‌కు చెప్పి టైంటేబుల్లో పెట్టించుకోవచ్చు. రంజాన్‌లో మాత్రం జాగ్రత్త కావాలి. డాక్టర్‌ను అడగకుండా మందులు సహరీకి, ఇఫ్తార్‌కు మార్చేయకూడదు. ముఖ్యంగా లిథియం వాడేవాళ్లు నీళ్లు తాగకుండా ఎక్కువసేపు ఉంటే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి ప్రమాదం కావచ్చు. రోగికి రోజా విషయంలో వెసులుబాటు ఉందన్నది మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. మనసు జబ్బుకూ అది వర్తిస్తుందా అన్న అనుమానం ఉంటే డాక్టర్ మాటను ఆలిమ్ ముందు పెట్టి అడగవచ్చు.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష

చాలామంది పిల్లలు కేంద్రంలో బాగుంటారు, ఇంటికొచ్చిన నెలకే మళ్లీ మొదటికొస్తారు. కారణం, వాళ్లు మారారు కానీ చుట్టూ ఏమీ మారలేదు. అదే స్కూలు, అదే గల్లీ, అదే తిట్లు. పంజాబ్‌లోని అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950ల్లోనే డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచేవారు. ఇంటివాళ్లు నేర్చుకోకపోతే రోగి ఒక్కడే బాగుపడలేడన్నది అందులోని కిటుకు.

డిశ్చార్జ్‌కు రెండు వారాల ముందే స్కూల్లో హెడ్‌మాస్టర్‌తో, నమ్మకమైన ఒక టీచర్‌తో మాట్లాడాలి. మొదట రోజుకు రెండు పీరియడ్లు, తర్వాత సగం పూట, ఆ తర్వాత పూర్తి రోజు అన్నట్టు పంపడం మంచిది. 'ఇన్నాళ్లు ఎక్కడికెళ్లావు?' అని తోటి పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. 'ఒంట్లో బాగోలేదు, ట్రీట్‌మెంట్ తీసుకున్నా' అన్న మాట అబద్ధం కాదు, అంతకుమించి చెప్పాల్సిన బాధ్యతా లేదు. పెళ్లిళ్లలో, ఈద్ రోజుల్లో బంధువులు పదేపదే అడిగినా ఇదే జవాబు. మందులు ఆపడం, తగ్గించడం డాక్టర్ చెప్పాకే.

ఒక ఏడాది వెనకబడితే పిల్లవాడు పదహారుకు బదులు పదిహేడేళ్లకు పది పాసవుతాడు. నలభై ఏళ్ల వయసులో ఆ తేడా ఎవరికీ కనిపించదు. చికిత్స లేకుండా పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రావు.

సాయం కావాలంటే: మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416, మత్తు అలవాట్లకు 14446, పిల్లల మీద హింస జరిగితే చైల్డ్‌లైన్ 1098, ఉచిత న్యాయ సలహాకు 15100. నాలుగూ ప్రభుత్వ నంబర్లే. టెలీ మానస్‌లో తెలుగులో, ఉర్దూలో కూడా మాట్లాడవచ్చు.